పెర్ఫ్ రికార్డ్‌లో ఒక్క శాంపిల్ కూడా రావడం లేదు: డివైస్ ట్రీలో పిఎంయు నోడు రాయడంలో సందేహం

ప్రశ్న అడిగిన సభ్యుడు:

సభ్యులందరికీ నమస్కారం. మా సంస్థలో కొత్తగా తయారైన ఒక బోర్డుకు లినక్స్ కెర్నెల్‌ను సిద్ధం చేసే పని నాకు అప్పగించారు. అందులోని చిప్‌లో నాలుగు కార్టెక్స్-ఎ53 కోర్‌లు, కోర్‌లకు ఇంటరప్ట్‌లను, అంటే చేస్తున్న పని ఆపి తమను చూడమనే సంకేతాలను, చేరవేసే జిఐసి-400 ఇంటరప్ట్ కంట్రోలర్ ఉన్నాయి. క్లాక్‌ను 1.2 గిగాహెర్ట్జ్ దగ్గర కదలకుండా పెట్టాను. ప్రాసెసర్ పనితీరును కొలిచే పిఎంయు అనే భాగం కోసం, బోర్డులోని హార్డ్‌వేర్ వివరాలను కెర్నెల్‌కు చెప్పే డివైస్ ట్రీ ఫైలులో ఒక నోడు (ఒక భాగం గురించిన వివరం) రాశాను. బూట్ లాగ్‌లో కార్టెక్స్-ఎ53 పిఎంయు డ్రైవర్ మొదలైందనీ, 7 కౌంటర్లు అందుబాటులో ఉన్నాయనీ సందేశం కూడా వచ్చింది కనుక అంతా సరిగానే ఉందనుకున్నాను.

అయితే పనితీరును కొలిచే పెర్ఫ్ సాధనంలో శాంపిళ్ళు సేకరించే పెర్ఫ్ రికార్డ్ నడిపితే ఫైలు ఖాళీగా ఉంటోంది, ఒక్క శాంపిల్ కూడా లేదు. మొత్తం లెక్క చెప్పే పెర్ఫ్ స్టాట్ మాత్రం అంకెలు ఇస్తోంది గానీ అవి నాకు అర్థం కావడం లేదు. ఒక కోర్‌ను ఖాళీ లూప్‌తో తీరిక లేకుండా ఉంచి 1 సెకను కొలిస్తే సుమారు 120 కోట్ల సైకిళ్ళు వస్తున్నాయి, అది సరైనదే. 10 సెకన్లు కొలిస్తే 341 కోట్లు, 30 సెకన్లు కొలిస్తే 164 కోట్లు మాత్రమే చూపిస్తోంది. ఎక్కువ సేపు కొలిస్తే తక్కువ రావడం ఏమిటో తెలియడం లేదు. చిప్‌లోని పిఎంయు లోపభూయిష్ఠంగా ఉందా?

చిప్ మాన్యువల్‌లోని ఇంటరప్ట్ పట్టికలో పిఎంయుకు 160 నుంచి 163 వరకు సంఖ్యలు ఇచ్చారు. నేను నోడులో అవే సంఖ్యలు రాసి, ఏ ఇంటరప్ట్ ఏ కోర్‌దో చెప్పే ఇంటరప్ట్-అఫినిటీని కూడా నాలుగు కోర్‌లకూ ఇచ్చాను. మరొక చిన్న సందేహం ఉంది. సిగ్నల్ పేరు ఎన్‌పిఎంయుఐఆర్‌క్యూ అని ఉంది, ముందున్న ఎన్ అక్షరం వల్ల అది సున్నా స్థితిలో పనిచేసే సిగ్నల్ అని గ్రహించి మొదట ట్రిగ్గర్ రకాన్ని లెవెల్ లో (తీగ సున్నాలో ఉన్నంతసేపూ ఇంటరప్ట్) అని రాశాను. అప్పుడు ట్రిగ్గర్ మోడ్ 8 పెట్టడం విఫలమైందని కెర్నెల్ ఫిర్యాదు చేసింది. లెవెల్ హై అని మార్చితే ఫిర్యాదు పోయింది కానీ శాంపిళ్ళు రాలేదు.

జవాబు ఇచ్చిన సభ్యుడు:

మీ చిప్‌లో లోపం ఉందని ఇప్పుడే తేల్చవద్దు. మీరిచ్చిన మూడు అంకెలే అసలు విషయం చెబుతున్నాయి.

ఎ53 లో ఒక్కొక్క ఈవెంట్ కౌంటర్ 32 బిట్ల వెడల్పు ఉంటుంది. సైకిల్ కౌంటర్ నిజానికి 64 బిట్లదే అయినా, ప్రత్యేకంగా అడగకపోతే డ్రైవర్ దానినీ 32 బిట్ల కౌంటర్‌లాగే వాడుకుంటుంది. 32 బిట్లలో పట్టేది సుమారు 429.5 కోట్లు. 1.2 గిగాహెర్ట్జ్ దగ్గర ఆ కొలత దాదాపు 3.6 సెకన్లలో నిండిపోయి, పాత స్కూటర్ మీటరులాగా మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. 30 సెకన్లకు రావలసినది 3,600 కోట్లు. అందులోంచి ఎనిమిది నిండు చుట్లు, అంటే 3,436 కోట్లు, తీసివేస్తే మిగిలేది మీకు కనిపించిన 164 కోట్లే. 10 సెకన్లకు 1,200 కోట్లలోంచి రెండు చుట్లు పోగా 341 కోట్లు మిగులుతాయి. అంటే కౌంటర్ నిక్షేపంగా లెక్కిస్తోంది, కానీ అది పొర్లిన ప్రతిసారీ కెర్నెల్‌ను తట్టి లేపవలసిన ఇంటరప్ట్ ఒక్కసారి కూడా చేరడం లేదు. పెర్ఫ్ రికార్డ్ మొత్తం ఆ ఇంటరప్ట్ మీదే ఆధారపడి నడుస్తుంది కనుక అక్కడ శాంపిళ్ళు సున్నా. రెండు లక్షణాలకూ మూలం ఒక్కటే. నిర్ధారణ కోసం ఈవెంట్‌కు లాంగ్=1 అని చేర్చి పెర్ఫ్ స్టాట్ నడపండి, సైకిల్ లెక్క 64 బిట్లలో సరిగ్గా వస్తుంది. అది నిర్ధారణకే గానీ చికిత్స కాదు.

డివైస్ ట్రీలో ఈ నోడు అసలు ఎందుకు రాస్తున్నామో ఒకసారి ఆలోచిస్తే తప్పు ఎక్కడుందో త్వరగా దొరుకుతుంది. ఎన్ని కౌంటర్లు ఉన్నాయన్నది పిఎంసిఆర్ రిజిస్టర్‌లోని ఎన్ అనే క్షేత్రం చెబుతుంది. ఎ53 లో ఆరు ఈవెంట్ కౌంటర్లు, ఒక సైకిల్ కౌంటర్, వెరసి మీ లాగ్‌లో కనిపించిన 7. పిఎంయు ఏ తరానిదో కూడా ఒక గుర్తింపు రిజిస్టర్‌లోనే ఉంటుంది. అందువల్ల బూట్ లాగ్‌లో 7 కౌంటర్లు కనిపించినంత మాత్రాన మీ నోడు సరైనదని అనుకోవడానికి లేదు, ఆ 7 మీరు చెప్పినది కాదు, కెర్నెల్ స్వయంగా చదువుకున్నది. కెర్నెల్ తానుగా కనుక్కోలేనిది ఒక్కటే: ఏ కోర్ నుంచి బయలుదేరిన ఇంటరప్ట్ తీగ కంట్రోలర్‌లో ఏ కాలికి (పిన్‌కు) అతుక్కుందన్నది. అది చిప్ తయారుచేసినవారి ఇష్టం. ఇంటెల్ ప్రాసెసర్లలో కౌంటర్ల వివరాలు సిపియుఐడి ఆజ్ఞకు జవాబుగా వస్తాయి, ఇంటరప్ట్ కూడా ప్రతి కోర్‌కూ సొంతమైన లోకల్ ఎపిక్ అనే ఇంటరప్ట్ కంట్రోలర్ ద్వారానే అందుతుంది కనుక అక్కడ ఈ చిక్కు రాదు. హార్డ్‌వేర్ వివరాలను ఫర్మ్‌వేర్ పట్టికలుగా అందించే ఎసిపిఐతో నడిచే ఆర్మ్ సర్వర్లలో ఎంఎడిటి పట్టికలో ప్రతి కోర్ వివరంతో పాటు దాని పనితీరు ఇంటరప్ట్ సంఖ్య ఉంటుంది. మనకు ఆ పట్టిక స్థానంలో ఉన్నది మీరు రాసిన నోడే.

ఇప్పుడు మీ సంఖ్యల సంగతి చూద్దాం. మాన్యువల్‌లో 160 అని ఉన్నది దాదాపు నిశ్చయంగా జిఐసి లెక్క ప్రకారం పూర్తి ఇంటరప్ట్ ఐడి. ఆ లెక్కలో 0 నుంచి 15 వరకు కోర్‌లు ఒకదానికొకటి పంపుకునేవి, 16 నుంచి 31 వరకు ఒక్కొక్క కోర్‌కు సొంతమైన పిపిఐలు, 32 నుంచి అందరికీ ఉమ్మడి అయిన ఎస్‌పిఐలు. డివైస్ ట్రీలో ఎస్‌పిఐ అని చెప్పాక రాసే సంఖ్య ఆ 32 తీసివేసిన తరువాతిది. మీరు ఎస్‌పిఐ 160 అని రాశారు కనుక కెర్నెల్ 192 వ ఐడి దగ్గర కాచుకుని కూర్చుంది, తీగ మాత్రం 160 దగ్గర ఉంది. ఎస్‌పిఐ 128 నుంచి 131 వరకు రాయండి.

అయితే మాన్యువల్‌ను నమ్మి ఊరుకోకుండా ముందుగా తీగనే అడిగి చూడమని నా సలహా. పాత నోడుతోనే 0 వ కోర్‌ను లూప్‌తో నింపి, ఆ కోర్ మీద పెర్ఫ్ రికార్డ్‌ను స్థిరమైన పీరియడ్‌తో, ఉదాహరణకు 10 లక్షల సైకిళ్ళతో, నడపండి. పీరియడ్ స్థిరంగా లేకపోతే డ్రైవర్ మధ్యమధ్యలో కౌంటర్‌ను ఆపి మళ్ళీ మొదలుపెడుతుంది, అప్పుడు పొర్లిన గుర్తు చెరిగిపోతుంది. అది నడుస్తుండగానే మరో టెర్మినల్ నుంచి, భౌతిక చిరునామాలను నేరుగా చదివే డెవ్‌మెమ్‌తో, జిఐసి డిస్ట్రిబ్యూటర్‌లోని పెండింగ్ రిజిస్టర్లు (వచ్చి ఇంకా ఎవరూ స్వీకరించని ఇంటరప్ట్‌లను చూపేవి) చదవండి. అవి డిస్ట్రిబ్యూటర్ మొదటి చిరునామాకు హెక్సా 200 దూరంలో మొదలవుతాయి, ఒక్కో రిజిస్టర్‌లో 32 ఇంటరప్ట్‌లు. 160 నుంచి 191 వరకు హెక్సా 214 దగ్గర, 192 నుంచి మొదలయ్యేవి హెక్సా 218 దగ్గర ఉంటాయి. ఇంటరప్ట్‌ను ఎవరూ ఎనేబుల్ చేయకపోయినా తీగ లేచి ఉంటే పెండింగ్ బిట్ 1 గానే కనిపిస్తుంది. ఇదే ఈ పద్ధతిలోని సౌలభ్యం.

హై, లో సందేహానికి: పేరులోని ఎన్ అక్షరం ఎ53 కోర్ అంచు దగ్గరి సంగతి. అక్కడి నుంచి జిఐసి వరకు వచ్చే దారిలో చిప్ రూపకర్తలు దానిని తిరగవేస్తారు. జిఐసి-400 ఎస్‌పిఐల విషయంలో లెవెల్ హై గానీ పెరిగే అంచు (తీగ సున్నా నుంచి ఒకటికి మారే క్షణం) గానీ మాత్రమే అంగీకరిస్తుంది, అందుకే డ్రైవర్ మీ లెవెల్ లో ను తిరస్కరించింది. అంచు అని కూడా రాయవద్దు. పొర్లిన గుర్తును ఎవరైనా చెరిపేవరకు ఆ తీగ లేచే ఉంటుంది, కాబట్టి అది లెవెల్ సిగ్నలే.

వేరొక సభ్యురాలు:

పై జవాబుకు తోడుగా ఒక బహిరంగ ఉదాహరణ చెబుతాను. ఆల్‌విన్నర్ ఎ64 చిప్‌కు సంబంధించిన డివైస్ ట్రీలో మొదట చేర్చిన పిఎంయు నోడును, ఇంటరప్ట్‌లు అసలు రావడం లేదనీ పిఎంయు చెడిపోయినట్లుందనీ చెప్పి ప్రధాన కెర్నెల్ నుంచి తొలగించారు. తరువాత సరైన సంఖ్యలు దొరికాక, ఎస్‌పిఐ 116 నుంచి 119 వరకు రాసి అదే నోడును తిరిగి చేర్చారు. హార్డ్‌వేర్ మొదటి నుంచీ బాగానే ఉంది, దాని గురించి రాసిన వివరమే తప్పు. కాబట్టి ప్రశ్న అడిగినవారు చిప్‌ను అనుమానించడంలో వింతేమీ లేదు, అనుభవజ్ఞులకూ అదే అనుమానం వచ్చింది.

ఇంకొక మాట. నోడు అసలే లేకపోతే పెర్ఫ్ రికార్డ్ చడీచప్పుడు లేకుండా సిపియు-క్లాక్ అనే సాఫ్ట్‌వేర్ గడియారానికి మారిపోయి శాంపిళ్ళు ఇచ్చేస్తుంది. అందువల్ల చాలా బోర్డుల మీద పిఎంయు పనిచేస్తోందన్న భ్రమలో ఏళ్ళు గడిచిపోతుంటాయి. రిపోర్ట్ పైభాగాన ఈవెంట్ పేరు సైకిల్స్ అని ఉందో, సిపియు-క్లాక్ అని ఉందో చూడడం అలవాటు చేసుకోండి.

ప్రశ్న అడిగిన సభ్యుడు:

చాలా ధన్యవాదాలు సార్. మీరు చెప్పినట్లే 0 వ కోర్ మీద నడుపుతూ హెక్సా 214 చదివితే విలువ 1 వచ్చింది, హెక్సా 218 దగ్గర సున్నా. పెర్ఫ్‌ను ఆపగానే 214 దగ్గర కూడా సున్నా అయింది. తీగ 160 దగ్గరే ఉందని కళ్ళారా చూసి, సంఖ్యలను 128 నుంచి 131 కు మార్చి మళ్ళీ బూట్ చేశాను.

ఇప్పుడు పరిస్థితి ఇంకా దిగజారింది. పెర్ఫ్ రికార్డ్ మొదలుపెట్టగానే బోర్డు కాసేపు బిగుసుకుపోయి, ఆ ఇంటరప్ట్‌ను ఎవరూ పట్టించుకోలేదనీ, దానిని నిలిపివేస్తున్నాననీ కెర్నెల్ సందేశం ఇచ్చి, ఒక స్టాక్ ట్రేస్ చూపించి మళ్ళీ మామూలవుతోంది. శాంపిళ్ళు మాత్రం రావు. ఏ ఇంటరప్ట్ ఏ కోర్‌కు ఎన్నిసార్లు వచ్చిందో చూపే /ప్రోక్/ఇంటరప్ట్స్‌లో ఆర్మ్-పిఎంయు వరుసలలో ఒకదాని ఎదుట 3 వ కోర్ నిలువులో సరిగ్గా 1,00,000 అని ఉంది. ఆ ఇంటరప్ట్‌ను చేత్తో 0 వ కోర్‌కు మళ్ళించుదామని స్మ్ప్_అఫినిటీ ఫైలులో రాయబోతే ఇన్‌పుట్ అవుట్‌పుట్ దోషం అని తిరస్కరించింది.

జవాబు ఇచ్చిన సభ్యుడు:

దిగజారలేదు, ఒక మెట్టు ఎక్కారు. ఇంతకుముందు తీగ కెర్నెల్‌కు అందలేదు, ఇప్పుడు అందింది కానీ తప్పు కోర్ దగ్గరికి వెళ్ళింది. మీ నోడులోని ఇంటరప్ట్-అఫినిటీ వరుసను యథాతథంగా ఇక్కడ పెట్టగలరా?

ప్రశ్న అడిగిన సభ్యుడు:

తెలుగు లిపిలో రాస్తున్నాను, ఫైలులో మామూలుగానే ఉంది.

కంపాటిబుల్ = "ఆర్మ్,కార్టెక్స్-ఎ53-పిఎంయు";
ఇంటరప్ట్స్ = ఎస్‌పిఐ 128 హై, ఎస్‌పిఐ 129 హై, ఎస్‌పిఐ 130 హై, ఎస్‌పిఐ 131 హై;
ఇంటరప్ట్-అఫినిటీ = సిపియు3, సిపియు2, సిపియు1, సిపియు0;

మాన్యువల్‌లో సిగ్నల్ పేరు పక్కన [3:0] అని ఉంది కనుక మొదటి సంఖ్య 3 వ కోర్‌దని భావించాను.

జవాబు ఇచ్చిన సభ్యుడు:

దొరికింది. [3:0] అన్నది హార్డ్‌వేర్ రూపకర్తలు ఒక కట్టలోని తీగలను రాసే సంప్రదాయం, పెద్ద సంఖ్యతో మొదలుపెట్టడం వారికి అలవాటు. పట్టికలోని 160 నుంచి 163 అన్న క్రమానికీ దానికీ సంబంధం లేదు. మీ పరీక్షలోనే జవాబు ఉంది: 0 వ కోర్‌ను నడిపినప్పుడు విలువ 1 వచ్చిందంటే 160 వ తీగ 0 వ కోర్‌దని అర్థం. మీరేమో దానిని సిపియు3 కు రాశారు.

జరిగినదాన్ని నెమ్మదిగా చూడండి. 0 వ కోర్‌లోని కౌంటర్ పొర్లి తీగ లేచింది. మీరు చెప్పిన మాట విని కెర్నెల్ ఆ ఇంటరప్ట్‌ను 3 వ కోర్‌కు పంపింది. అక్కడ హ్యాండ్లర్ పొర్లిన గుర్తుల రిజిస్టర్‌ను చదివింది, కానీ ఆ రిజిస్టర్ ఒక్కో కోర్‌కు వేరువేరుగా ఉంటుంది, 3 వ కోర్ చదవగలిగేది తన దానినే. అందులో ఏ గుర్తూ లేదు కనుక ఇది నాది కాదని తిరిగి వెళ్ళిపోయింది. 0 వ కోర్‌లోని గుర్తు చెరగలేదు, తీగ దిగలేదు, వెంటనే మళ్ళీ అదే ఇంటరప్ట్. లినక్స్‌లో ఒక ఇంటరప్ట్ 1,00,000 సార్లు వచ్చి, అందులో 99,900 కన్నా ఎక్కువసార్లు ఎవరూ స్వీకరించకపోతే దానిని శాశ్వతంగా మూసివేసే ఏర్పాటు ఉంది. మీరు చూసిన గుండ్రని అంకె అక్కడి నుంచి వచ్చింది. చేత్తో మళ్ళించబోతే తిరస్కరించడం కూడా సబబే, పిఎంయు ఇంటరప్ట్‌ను ఏ కోర్‌దో ఆ కోర్‌కే కట్టివేయాలి కనుక డ్రైవర్ దానిని కదలకుండా బిగించే నమోదు చేస్తుంది.

వరుసను సిపియు0 నుంచి సిపియు3 వరకు సరిచేయండి. ఇంటరప్ట్‌ల జాబితాలో మొదటిది అఫినిటీ జాబితాలో మొదటి కోర్‌కు, రెండవది రెండవదానికి చెందుతుంది, అంతే నియమం. ఈ వరుసను పూర్తిగా వదిలేయవచ్చా అని చాలామంది అడుగుతారు. వదిలేస్తే కెర్నెల్ ఊహిస్తున్నానని హెచ్చరిక ముద్రించి, మొదటి ఇంటరప్ట్‌ను తన లెక్కలోని మొదటి కోర్‌కు కడుతుంది. కెర్నెల్ లెక్కలో మొదటి కోర్ అంటే బూట్ అయిన కోర్, అది చిప్‌లో 0 వదే కావాలని ఏమీ లేదు. బూట్‌లోడర్ మారినప్పుడు పగిలిపోయే నోడు రాయడం కన్నా నాలుగు పేర్లు రాయడమే మేలు. రాస్‌ప్బెర్రీ పై 4 డివైస్ ట్రీ తెరిచి చూడండి, అక్కడ కార్టెక్స్-ఎ72 కోర్‌లకు ఎస్‌పిఐ 16 నుంచి 19 వరకు ఇచ్చి, పక్కనే నాలుగు కోర్‌ల పేర్లూ క్రమంగా రాసి ఉంటాయి.

పిఎంయు ఏ కోర్‌దో చెప్పే మీ కంపాటిబుల్ మాటను అలాగే ఉంచండి. కొందరు సులువుగా ఉంటుందని సామాన్యమైన ఆర్మ్‌వి8-పిఎంయువి3 అని రాస్తారు, అది సాఫ్ట్‌వేర్ నమూనాల కోసం ఉద్దేశించినది. సైకిళ్ళకు హెక్సా 11, పూర్తయిన ఆజ్ఞలకు హెక్సా 8 వంటి సంఖ్యలు అన్నింటికీ ఒకటే అయినా, ప్రీఫెచ్ కోసం ఎ53 కు ఉన్న హెక్సా సి2 వంటి సొంత ఈవెంట్‌లను డ్రైవర్ సరైన పేరుకు కలపాలంటే కోర్ ఏదో దానికి తెలియాలి.

సరిచేసిన తరువాత కూడా ఇంటరప్ట్ రాకపోతే, సెక్యూర్ ఫర్మ్‌వేర్ ఆ నాలుగింటినీ తన గుంపులోనే ఉంచుకుందేమో చూడాలి. అప్పుడు కెర్నెల్ ఎనేబుల్ బిట్ రాసినా అది నిలవదు, తిరిగి చదివితే సున్నా వస్తుంది. మీ విషయంలో 3 వ కోర్‌కు లక్షసార్లు చేరింది కనుక ఆ అనుమానం అక్కరలేదు.

మరొక సభ్యుడు:

ఈ సందర్భంలోనే నా సందేహం కూడా అడుగుతున్నాను. నా దగ్గరి బోర్డులో ఆర్‌కె3399 చిప్ ఉంది, నాలుగు ఎ53 కోర్‌లు, రెండు ఎ72 కోర్‌లు. ఇక్కడ పిఎంయు ఇంటరప్ట్ అన్ని కోర్‌లకూ ఒకే పిపిఐ 7. రెండు నోడులు రాస్తే ఒకే ఇంటరప్ట్‌ను ఇద్దరు అడిగినట్లు కాదా?

జవాబు ఇచ్చిన సభ్యుడు:

అవుతుంది, అందుకే అక్కడ వేరే ఏర్పాటు చేశారు. పిపిఐ అంటే సంఖ్య ఒకటే అయినా ప్రతి కోర్‌కూ సొంత తీగ, ఒకే వీధి పేరు ఆరు ఊళ్ళలో ఉన్నట్లు. రకానికొక నోడు తప్పనిసరి, ఎందుకంటే ఎ53, ఎ72 ల ఈవెంట్‌లు ఒకటి కావు. ఆర్‌కె3399 లోని జిఐసి మూడవ తరానిది. దాని నోడు లోపల పిపిఐ-పార్టిషన్స్ అనే ఉపనోడు పెట్టి, ఒక భాగంలో నాలుగు చిన్న కోర్‌లను, రెండవ భాగంలో రెండు పెద్ద కోర్‌లను పేర్కొంటారు. ఇంటరప్ట్ వివరంలో మామూలుగా ఉండే మూడు గడులకు తోడు నాలుగవ గడి చేర్చి, ఎ53 పిఎంయు నోడులో మొదటి భాగాన్ని, ఎ72 నోడులో రెండవ భాగాన్ని చూపిస్తారు. ఇలా చేసినచోట ఇంటరప్ట్-అఫినిటీ మళ్ళీ రాయకూడదు, ఒకే విషయాన్ని రెండుచోట్ల చెప్పినట్లవుతుంది. ట్రిగ్గర్ విషయంలో ఆ చిప్ డివైస్ ట్రీలో లెవెల్ లో అనే ఉంటుంది, పైన ఎస్‌పిఐ గురించి నేను చెప్పిన నియమాన్ని దానికి అన్వయించి మార్చవద్దు.

సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి /సిస్/బస్/ఈవెంట్_సోర్స్/డివైసెస్ కింద రెండు పిఎంయులు విడివిడిగా కనిపించాలి, ఒక్కొక్కదానిలోని సిపియుస్ ఫైలులో దాని కోర్‌లే ఉండాలి.

వేరొక సభ్యురాలు:

రిస్క్-వి బోర్డులతో పనిచేసేవారు ఈ చర్చ చదివి అక్కడా ఇదే రీతిలో రాయబోతారేమోనని ఒక మాట చేరుస్తున్నాను. అక్కడ కౌంటర్లకు ఈవెంట్‌లను కేటాయించే రిజిస్టర్లు ఫర్మ్‌వేర్ నడిచే మెషీన్ మోడ్‌కే అందుతాయి, కెర్నెల్ ఎస్‌బిఐ అనే పిలుపుల ఏర్పాటు ద్వారా ఫర్మ్‌వేర్‌ను అడిగి పని చేయించుకుంటుంది. అందుకని పిఎంయు నోడులో రాసే ఈవెంట్ల పట్టికలను చదివేది ప్రధానంగా ఓపెన్‌ఎస్‌బిఐ అనే ఫర్మ్‌వేర్. పొర్లినప్పుడు ఇంటరప్ట్ కావాలంటే ప్రాసెసర్‌లో ఎస్‌ఎస్‌సిఓఎఫ్‌పిఎంఎఫ్ అనే విస్తరణ గానీ, అలాంటి తయారీదారుల సొంత ఏర్పాటు గానీ ఉండాలి. అవేవీ లేనిచోట నోడును ఎంత బాగా రాసినా శాంపిళ్ళు రావు.

ప్రశ్న అడిగిన సభ్యుడు:

వరుస మార్చాను, పనిచేసింది. తొందరపడకుండా నాలుగు కోర్‌లనూ ఒక్కొక్కటిగా నడిపి చూశాను. /ప్రోక్/ఇంటరప్ట్స్‌లో ఆర్మ్-పిఎంయు వరుసలు నాలుగింటిలోనూ అంకెలు ఐమూలగా, ఏ కోర్‌ది ఆ కోర్ నిలువులోనే పెరుగుతున్నాయి, మిగిలిన గడులన్నీ సున్నా. 30 సెకన్ల పెర్ఫ్ స్టాట్ ఇప్పుడు లాంగ్ అని అడగకుండానే 3,600 కోట్లకు అతి దగ్గరగా వస్తోంది.

మాన్యువల్ ఇచ్చినవారికి ఆ [3:0] పక్కన క్రమం స్పష్టంగా రాయమని లేఖ పంపాను. అందాక మా డివైస్ ట్రీ ఫైలులో నోడు పైన ఒక వ్యాఖ్య పెట్టాను: మాన్యువల్‌లోని 160 ఇక్కడ 128 అవుతుందనీ, ఏ తీగ ఏ కోర్‌దో పెండింగ్ రిజిస్టర్ చదివి సరిచూశామనీ.